ఆరిన వల

పటమట, విజయవాడ
9 జూన్ 2025, సోమవారం

గిలకలదిండిలో ఉన్న మా అమ్మ అంకాలమ్మ గారి పాదాలకు, కూతురు నాగమల్లేశ్వరి దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అల్లుడు సురేష్, కిందటిసారి వచ్చినప్పుడు నువ్వు బాల్కనీలో నాటిన కరివేపాకు మొక్క, ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని రాయాలి కానీ, సగమే రాయగలను. నువ్వు కులాసా అని నాకు తెలుసు. నాన్న సంగతి తేల్చుకోవటానికే ఈ ఉత్తరం.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటే అంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. నాన్న మంచం మీద కూర్చుని అన్నీ వింటాడు, సముద్రం మాట రాగానే లేచి పెరట్లోకి పోతాడు. ఉత్తరంతో ఆ ఇబ్బంది లేదు. నీకు చదువు రాదు కాబట్టి ఆయనే చదివి వినిపించాలి. ఆయనకేమో చేతికొచ్చిన కాగితం చివరిదాకా చదవకుండా కింద పెట్టే అలవాటు లేదు, అది పకోడీల పొట్లం కాగితమైనా సరే. కాబట్టి నాన్నా, కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టు. నిన్ను తిట్టిన చోట్లు కూడా ఉన్నాయి. వాటిని మింగేయకుండా పైకి చదువు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. శనివారంతో ఈ రెండు నెలల చేపల వేట నిషేధం అయిపోతుంది. ఆదివారం తెల్లారేసరికి పడవలు కదులుతాయి. నాన్న కూడా వెళ్తానంటున్నాడు. శివరాత్రి వెళ్ళాక ఇక్కడ ఆస్పత్రిలో ఆయన గుండెకి స్టెంట్ వేసినప్పుడు, ఇంక వల లాగే పని పెట్టుకోవద్దని డాక్టరు గారు మనందరి ముందూ చెప్పారు. నడిసముద్రంలో నొప్పి వస్తే ఒడ్డుకి చేరేలోపు ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పారు. నాన్న అప్పుడు బుద్ధిగా తలూపాడు. ఉగాదికి ఇంటికొచ్చాక కూడా బుద్ధిగానే ఉన్నాడు. ఆయనకి మళ్ళీ సముద్రం మీదికి మనసు పోయింది నేను పంపిన కార్డు చూశాకే. అందుకని నా మనసు కుదురుగా లేదు. ఈ ఉత్తరంతో పాటు ఇంకో కార్డు పంపిస్తున్నాను. అది వేరే కవర్లో ఉంది, ఇప్పుడే తీయకండి. ఎప్పుడు తీయాలో నేను చెప్తాను.

అమ్మా, ఆ కార్డు కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొదటినుంచీ చెప్తాను, విను.

ఉగాది వెళ్ళిన వారంలో ఒకరోజు మా శుభలేఖల షాపు తెరవగానే నీకు ఫోన్ చేశాను. అప్పటికింకా వేట నిషేధం మొదలవలేదు, ఊళ్ళో పడవలన్నీ వెళ్ళిపోయాయన్నావు. ఎక్కడున్నావంటే పెరటి గడపలో కూర్చున్నానన్నావు. ఏం చూస్తున్నావు అనడిగాను. ఫోన్లో గాలి చప్పుడు వినపడుతోంది. తర్వాత అన్నావు, ఆరిన వల, పొద్దుటినుంచీ గాలి వచ్చి పోతోంది అని. అంతే. ఆ వెంటనే బందరులో చింతచిగురు ఎంత ప్రియంగా ఉందో మొదలుపెట్టావు. నేను చింతచిగురు విననేలేదు. ఎదురుగా ఎవరో వద్దని తిప్పి పంపిన శుభలేఖ ఉంటే, దాని వెనక నీ మాట రాసుకున్నాను. మూడు వరసల్లో వచ్చింది.

ఆరిన వల
పొద్దుటినుంచీ గాలి
వచ్చి పోతోంది

నా పక్క కుర్చీలో జెస్సికా అనే అమ్మాయి పనిచేస్తుంది, నీకు చెప్పాను, కేకు తెచ్చి పెట్టిన పిల్ల. అది ఆ ముక్క చూసి ఎవరు రాశారక్కా అంది. మా అమ్మ మాట్లాడింది అన్నాను. ఇది హైకూ అంది. జపాను దేశంలో అలాంటివి రాస్తారట. కళ్ళ ముందు ఉన్నదాన్ని మూడు చిన్న వరసల్లో చెప్పి ఊరుకుంటారు. ఏడుపొచ్చిందనో నవ్వొచ్చిందనో చెప్పరు. చేప ముక్క పళ్ళెంలో పెట్టి, ముల్లు తీసుకోవటం తినేవాళ్ళకే వదిలేస్తారన్నమాట. నువ్వు అక్షరం రాకుండా హైకూ చెప్పావని జెస్సికా షాపంతా టముకు వేసింది. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

జెస్సికా స్నేహితులు కొందరు ఇక్కడ ఒక ప్రదర్శన పెడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో హైకూ తీసుకుని అక్షరాలతోనే దాన్ని చూపించాలి. బొమ్మ వేయకూడదు. వాన గురించి అయితే వాన బొమ్మ వేయకుండా, అక్షరం లావూ సన్నం, ఎత్తూ పల్లం, దగ్గరా దూరం, వీటితోనే చూసేవాడికి చినుకు తగలాలి. నన్నూ ఒకటి చేయమన్నారు. ఇన్నేళ్ళు వేరేవాళ్ళ పెళ్ళిళ్ళకి అక్షరాలు పేర్చాను, మా అమ్మ మాటకి పేర్చలేనా అనుకున్నాను.

మా ఓనరు వెంకటప్పయ్య గారి సంగతి నీకు తెలుసు. ఆయనకి కాగితం మీద బొటనవేలు పట్టేంత ఖాళీ కనపడితే చెయ్యి ఊరుకోదు. ఖాళీ చోటుక్కూడా కాగితం డబ్బులు ఇస్తాడు కదమ్మా కస్టమరు, అక్కడో కలువ పువ్వు పడెయ్ అంటారు. నీ హైకూ చూపిస్తే కళ్ళద్దాలు పైకి తోసి, బాగుంది, పడవ పెట్టు, వెనకాల సూర్యుడు, అటో కొబ్బరిచెట్టు ఇటో కొబ్బరిచెట్టు, పైన చిన్న వినాయకుడు అన్నారు. బొమ్మలు వేయకూడదు సార్ అన్నాను. వినాయకుడు బొమ్మెలా అవుతాడు అన్నారు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మా షాపున్న గవర్నరుపేటలో ఇంతవరకూ లేరు.

నేను మాత్రం ఖాళీనే నమ్ముకున్నాను. తెల్ల కార్డు తీసుకున్నాను. నల్లటి సన్నని అక్షరాలు. ఆరిన వల అన్న మాటని పై అంచున, ఎవరూ పట్టించుకోనట్టు వేలాడదీశాను. పొద్దుటినుంచీ అన్నదాన్ని అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఇచ్చి, సాగదీసి సాగదీసి పెట్టాను, ఎంతకీ గడవని పొద్దులాగా. చివర పోతోంది అన్న మాటని కార్డు అంచు దాటించాను. సగం తెగిపోయి, మిగతా సగం ఎటో వెళ్ళిపోయినట్టు ఉంటుంది. మిగిలిందంతా తెలుపు. నాన్న ఇంట్లో కూర్చుండిపోయాడు, వల పనిలేక ఎండుతోంది, నువ్వు దాన్ని చూస్తూ దిగులు పడుతున్నావు. నీ మాటకి నాకు తోచిన అర్థం అది. చేస్తూ చేస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. జెస్సికా అయితే పైకే ఏడ్చింది. అంత మంచి పని నా చేతి మీద ఇంతవరకూ రాలేదని అనుకున్నాను.

సంబరం పట్టలేక ఒక కార్డు మీకు కొరియర్లో పంపాను. అక్కడ చేశాను తప్పు. ఇన్నేళ్ళుగా శుభలేఖల షాపులో కూర్చున్నదాన్ని, నాకు తట్టొద్దా. మన వైపు తెల్ల కార్డు మీద నల్ల అక్షరాలు, పసుపు బొట్టు లేకుండా, పువ్వు లేకుండా, ఇంటికి ఎందుకొస్తాయి? పెద్దకర్మకి పిలవటానికే వస్తాయి. నీకు చదువు రాదు, కార్డు రంగు వచ్చు. నాన్న ఇంట్లో లేడు. కొరియర్ కుర్రాడు విజయవాడ నుంచి అని చెప్పి ఇచ్చి వెళ్ళిపోయాడు. నువ్వు కవరు చించి చూసి, నేనో సురేషో అనుకుని, వాకిట్లో కూలబడిపోయావు. నాన్న వచ్చి చదివేదాకా ఆ కాస్సేపు నువ్వు ఏమనుభవించావో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. నువ్వు తర్వాత నవ్వేశావు, పిచ్చిమొహమా ఇంత పసుపన్నా రాయొద్దూ అన్నావు. నువ్వు నవ్వినంత మాత్రాన నాకు తగ్గలేదు.

కానీ అసలు దెబ్బ నాన్నకి తగిలింది. నీకోసం ఆయన ఆ మూడు వరసలూ పైకి చదివాడు. నీ మాటే అని ఆయనకి తెలియదు, నువ్వే చెప్పావు, అది నేనన్న మాటే అని. ఆయన మళ్ళీ చదివాడట, ఈసారి లోపల. కార్డు తిప్పి చూశాడట. ఆ రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఈ ఎల్లారావు వల ఎండిపోతోందని బెజవాడ దాకా చాటించావా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మీ అమ్మ కూడా అదే అనుకుంటోందన్నమాట, నాతో అనలేక నీతో అంది అన్నాడు. నేను కాదు నాన్నా అనేలోపు పెట్టేశాడు. మర్నాటి నుంచీ వల ముందేసుకుని తెగిన చోటల్లా ముడులు వేయటం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా పక్కవీధి వాళ్ళ పడవలో చోటు మాట్లాడుకుని వచ్చాడు.

నాన్నా, ఇక్కడ తిట్లు. పైకే చదువు. భార్య తనని దెప్పిందని ఒక కాగితం ముక్క చూసి తేల్చేసుకుని, ఆవిణ్ణి ఒక్క మాట అడగకుండా ప్రాణం మీదికి తెచ్చుకునే మగవాణ్ణి ఏమనాలి? నువ్వే చెప్పు. నీకు బీపీ మాత్ర ఇస్తే ఇది దేనికి అని పది ప్రశ్నలు వేస్తావు, దీనికి ఒక్క ప్రశ్న రాలేదా? తిట్లు అయిపోయాయి. ముందుకు చదువు.

అమ్మా, ఆ వెంటనే నీ మీద పడ్డాను, నాన్నని ఆపమని. నువ్వు ఫోన్లో మాట దాటేశావు. తర్వాత ఎండుచేపలు అమ్మటానికి బందరు వెళ్ళినప్పుడు అక్కణ్ణించి నాకు ఫోన్ చేశావు. నాన్నా, ఇది నీకు తెలియని సంగతి, చదువుతూ చదువుతూ అమ్మ వైపు చూడకు. అమ్మా, నువ్వూ కంగారు పడకు. ఆ రోజు నువ్వు ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నావో నాకు చెప్పావు. చెప్పి, నాన్న చెవిన పడకూడదని ఒట్టు వేయించుకున్నావు. నేను వేశాను. ఏం చెప్పావో ఇక్కడ రాయటం లేదు. ఒక్కటి మాత్రం రాస్తాను. నువ్వు చెప్పింది విన్నాక నా కార్డు మొత్తం తప్పని తెలిసింది. ఒక్క అక్షరం కూడా ఉండవలసిన చోట లేదు. పసుపు రాసి సరిపెట్టుకునే తప్పు కాదది.

మన ఇంట్లో పద్ధతి నాకు తెలియనిది కాదు. మగవాడు నీళ్ళ మీదికి వెళ్తానన్నాక ఆడది వద్దనదు, ఎప్పుడొస్తావని అడగదు, అన్నం కట్టి ఇస్తుంది. నాయనమ్మ అలాగే చేసింది, నువ్వూ అలాగే చేశావు. నేను చదువుకున్నదాన్ని కదా, నాకా పద్ధతి ఏమిటని, కిందటి బుధవారం సెలవు పెట్టి బందరు బస్సెక్కాను. వచ్చి నాన్నతో తగువు పెట్టుకుని, ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, ఏదో ఒకటి చేసి ఆపాలని. మీకు ఈ సంగతి తెలియదు. ఎందుకంటే నేను రాలేదు. కంకిపాడులో దిగిపోయాను.

ఎందుకు దిగానో సరిగ్గా చెప్పలేను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కాలవ మీద నుంచి చల్లగాలి వస్తోంది. రాత్రి నిద్ర లేదేమో, కళ్ళు మూతలు పడుతున్నాయి. సగం నిద్రలో నాన్నతో పడబోయే తగువంతా పడేశాను. ఆ కలలో నాన్న నా మాట విన్నాడు. వెళ్ళటం మానేసి మంచం మీద కూర్చున్నాడు, గోడ వైపు తిరిగి. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. మెలకువ వచ్చేసరికి బస్సు కంకిపాడులో ఆగి ఉంది. లేచి దిగేశాను.

ఊరు దాటి కొంచెం నడిస్తే కాలవగట్టు మీద ఎవరిదో చిన్న వల వెదురుకర్రలకి ఆరేసి ఉంది. మనుషులు లేరు. దూరంగా నాట్లకి దున్నుతున్న ట్రాక్టరు మోత, అది తప్ప ఏమీ లేదు. ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. గాలి వచ్చినప్పుడు వల మొత్తం ఒకసారి పొంగేది, చంటిబిడ్డ పొట్టలాగా. గాలి పోయినప్పుడు మెల్లగా దిగేది. మళ్ళీ పొంగేది. ఎంతసేపు చూశానో తెలియదు. ఎండ కదిలి నా కాళ్ళ మీదికొచ్చింది. చూస్తూ ఉండగా వల గళ్ళు గుండ్రంగా అనిపించటం మొదలుపెట్టాయి. మన అక్షరాలు కూడా గుండ్రమే కదా. ఆ గళ్ళలో వ, ల, న, గ, ఒకటి వెలిగి ఒకటి ఆరిపోతూ కనపడ్డాయి. గాలి వాటిల్లోంచి దూరి అటు వెళ్ళి, అటు నుంచి మళ్ళీ ఇటు వస్తోంది. దేన్నీ పట్టుకుపోవటం లేదు. దాన్ని కూడా ఎవరూ పట్టుకోవటం లేదు. నాకు ఏడుపు రాలేదమ్మా. కడుపు నిండా అన్నం తిన్నట్టుగా ఉంది.

నిద్రపోయానో లేదో కూడా తెలియదు. ఆ వల తాలూకు ఆవిడెవరో వచ్చి, ఎవరమ్మాయ్, ఎండలో పడి పడుకున్నావు అంది. గిలకలదిండి ఎల్లారావు గారమ్మాయిని అన్నాను. ఆవిడకి మీరెవరో తెలియదు, నవ్వి మంచినీళ్ళు ఇచ్చింది. అవి తాగి, ఎదురు బస్సెక్కి తిన్నగా షాపుకి వచ్చేశాను. సెలవు పెట్టి మధ్యాహ్నానికే తిరిగొచ్చిన మనిషిని వెంకటప్పయ్య గారు మొదటిసారి చూసి ఉంటారు.

ఇప్పుడు కవరు తీయండి.

అమ్మా, ముందు రంగు చూడు. ఇది తెలుపు కాదు, పాలలో చిటికెడు పసుపు కలిపిన రంగు. నాలుగు మూలలా పసుపు ఉంది. అది నేను పెట్టింది కాదు, ఎవరు పెట్టారో తర్వాత చెప్తాను. అక్షరాలు నల్లవి కావు, తెల్లారుతున్నప్పుడు మన రేవులో నీళ్ళుండే నీలం. నాన్నా, నువ్వు వేలు పెట్టి అమ్మకి వరసలు చూపించు. మొదటి వరస ఆరిన వల. ఈసారి దాన్ని అంచుకి తొయ్యలేదు. లావుగా, దర్జాగా, కార్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉంది. అక్షరాల నెత్తిన ఉండే తలకట్లనీ గుడినీ పొడిగించి, అవి లేని అక్షరాలకి గీత తగిలించి, ఒకదానికొకటి కలిపాను, కర్ర మీద తాడు కట్టినట్టు. అక్షరాలు దానికి వేలాడుతున్నాయి, బరువుగా కాదు, హాయిగా.

రెండో వరసలో పొద్దుటినుంచీ. కిందటిసారి సాగదీసిన మాట. ఇప్పుడు అక్షరాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి చూడు, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆడవాళ్ళలాగా. వాళ్ళకి ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు. మూడో వరస వచ్చి పోతోంది. పోతోంది అన్నదాన్ని ఈసారి అంచు దాటనివ్వలేదు. మొత్తం కార్డులోనే ఉంది. దాని చివరి అక్షరం కొంచెం పైకి వంపు తిరిగి మళ్ళీ మొదటి వరస వైపు చూస్తోంది. పోయినది మళ్ళీ వస్తుందన్నమాట.

గాలి అన్న మాట ఎక్కడుందని నాన్న ఈపాటికి వెతుకుతూ ఉంటాడు. రెండో వరస చివర ఖాళీగా కనపడుతోంది కదూ. నాన్నా, అమ్మ చూపుడువేలు పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళు. మెల్లగా రాయించు. తగిలిందా అమ్మా? అదే గాలి. దానికి రంగు వేయలేదు. శుభలేఖల మీద దేవుడి బొమ్మ ఉబ్బెత్తుగా తేలటానికి వాడే అచ్చుతో, రంగు లేకుండా వెనకనుంచి ఒత్తించాను. చదువుకున్నవాళ్ళు ముందు దాన్ని చూడలేరు. నీకు మాత్రం వేలికి అందుతుంది. నువ్వు చదివిన మొదటి తెలుగు మాట అదే అవుతుందని ఆశ పెట్టుకున్నాను.

దీనికి వెంకటప్పయ్య గారు పెద్ద యుద్ధమే చేశారు. ఒక మాటకి రంగు లేకపోతే అచ్చు తప్పిందనుకుంటారు, షాపు పేరు పోతుంది అన్నారు. గాలికి రంగేమిటి సార్ అన్నాను. వినాయకుడికి ఉందిగా అన్నారు. ఆఖరికి మొదటి కార్డు మిషన్లోంచి రాగానే ఆయనే తీసుకుని, కళ్ళద్దాలు తీసేసి, వేలితో తడిమి చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి పసుపు గిన్నె తెచ్చి నాలుగు మూలలా తనే పెట్టారు. ఇది మీ అమ్మగారికి పంపించు, మొదటిది ఆవిడదే అన్నారు. మీ చేతిలో ఉన్నది ఆ కార్డే. ఇంత ఖాళీ ఉన్నా దాంట్లో కలువ పువ్వు పెట్టమని ఆయన అనలేదు.

ప్రదర్శన వచ్చే నెల మొదటి ఆదివారం. ఇదే కార్డుని గోడంత పెద్దది చేసి పెడతాం. కింద నీ పేరు వేయాలి, అంకాలమ్మ అని. నీకు ఇష్టమైతేనే. నీ మాటని నలుగురి ముందూ పెట్టేముందు నిన్ను అడగలేదు కిందటిసారి, ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు వద్దంటే ఈ కార్డు మన ఇంట్లో గోడకే ఉంటుంది, నాకేం బాధ లేదు. సరేనంటే మీ ఇద్దరూ రావాలి. బస్సులో కుదుపులు పడవు నాన్నకి, సురేష్ కారు మాట్లాడతానన్నాడు.

నాన్నా, ఇక్కడితో అమ్మకి రాసింది అయిపోయింది. చదివినందుకు నీకు కూడా దణ్ణాలు. ఎండుచేపల పొట్లం అందింది, ఇంట్లో దాచుకోలేక పక్కవాళ్ళకి కూడా పంచాను. చిన్నచేపలు ఈసారి ఉప్పు తక్కువ వేసి ఎండబెట్టమను.

ఇట్లు
నీ కూతురు
నాగమల్లేశ్వరి

తా.క. నాన్నా, ఇది మాత్రం పైకి చదవకు. నీలో నువ్వు చదువుకో.

అమ్మకి వేసిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. పాపం తగిలితే నాకే తగలనీ.

ఆ మాట అమ్మ దిగులుతో అన్నది కాదు. నాకు తోచిన అర్థం తప్పు, నీకు తోచింది ఇంకా తప్పు. ఆ పొద్దున అమ్మ అలవాటుకొద్దీ చీకటితోనే లేచి పెరట్లోకి వచ్చిందట. ఊళ్ళో పడవలన్నీ వెళ్ళాయి. నీ వల కర్రల మీద పొడిగా ఉంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ వల అక్కడ లేకపోతే నువ్వు నీళ్ళ మీద ఉన్నట్టు, తడిగా ఉంటే మళ్ళీ వెళ్తున్నట్టు. ఊళ్ళో పడవలన్నీ వేటకి వెళ్ళినా నువ్వు ఇంట్లోనే ఉండి, వల అంత పొడిగా ఆరిపోవటం అమ్మ ఎప్పుడూ చూడలేదు. వెనక్కి తిరిగితే మంచం మీద నువ్వు గురక పెడుతున్నావు. అమ్మ గడపలో కూర్చుండిపోయింది. పొయ్యి వెలిగించలేదు, చీపురు ముట్టుకోలేదు. ఎవరికోసమూ ఎదురుచూడని పొద్దు ఎలా ఉంటుందో తనకి అప్పటిదాకా తెలియదంది. నేను ఫోన్ చేసింది అప్పుడే.

"వచ్చి పోయేది గాలొక్కటేనే మల్లీ," అంది. "మనిషి ఉన్నాడు."

ఆ మాట నీతో చెప్పమని బతిమాలాను. చెప్పనంది. "నేనాపితే ఆగాడన్న మాట ఆయనకొద్దు. ఎల్తానంటే అన్నం కట్టిస్తా" అంది. ఆదివారానికి డబ్బా తోమి పెట్టుకుంది కూడా.

నేనూ నిన్ను వద్దనను. నీ వల, నీ సముద్రం. నీ గురించి అన్న మాట నీకు తెలియకుండా ఉండకూడదని రాశాను, అంతే.

చదవటం ఆపేశావేం, ఇంకేం రాసింది అని అమ్మ ఈపాటికి అడిగే ఉంటుంది. ఏం చెప్తావో నీ ఇష్టం నాన్నా.